మూడు కిలోల తాళం

పిల్ల సైకిలు పోయింది. ట్యూషన్ ముందు పెట్టి లోపలికెళ్లి, గంటలో వచ్చి చూస్తే మాయం. కొని నెల తిరగలేదు. ఏడ్చుకుంటూ నడిచి ఇంటికొచ్చింది.

తండ్రికి ఒళ్లు మండిపోయింది.

"ఒకరి కష్టార్జితం కాజేయడానికి చేతులెలా వచ్చాయే ఆ వెధవలకి!" అని భార్య మీద అరిచాడు, ఆవిడే ఎత్తుకుపోయినట్టు.

వారం తిరక్కుండా ఇంకో సైకిలు కొనిచ్చాడు. ఈసారి బజారు తాళాన్ని నమ్మదలచుకోలేదు.

"అవి మర్యాదస్తుల కోసం చేసిన తాళాలు. దొంగకి హెయిర్‌పిన్ను చాలు. నేనే చేస్తా."

సోమవారం ఫ్యాక్టరీ నుంచి వస్తూ, బరువులెత్తే ఇనుప గొలుసొకటి నడుముకు చుట్టుకొచ్చాడు. వదులు చొక్కా వేసుకున్నా, కుర్చీలో కూలబడగానే ఘల్లుమంది. మంగళవారం టిఫిన్ బాక్సులోంచి పిడికిలంత తాళంకప్ప దిగింది. బుధవారం సాక్సులోంచి రెండు రంపపు బ్లేడ్లు.

భార్య వీధి తలుపు దగ్గరకేసింది.

"గేటు దగ్గర వెతికితే పరువు పోదుటండీ?"

"వెతికేవాడు నాకు బాగా కావలసినవాడేలే."

ఆదివారం పెరటి గుమ్మంలో పని మొదలైంది. ఫ్రేమునూ వెనక చక్రాన్నీ చుట్టి, పక్కనున్న స్తంభానికి కూడా అందేలా గొలుసు కొలిచాడు. రెండు బ్లేడ్లూ అరిగిపోతే గానీ ఒక్క లింకు తెగలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. సైకిలు రంగు గీసుకుపోకుండా గొలుసుకు పాత ట్యూబు తొడిగాడు. చివరి లింకుల్లో కప్ప దూర్చి నొక్కాడు. టక్కుమంది.

పిల్ల రెండు చేతులతో ఎత్తబోయి దించేసింది.

"నాన్నా, దీన్ని మోయడానికి ఇంకో సైకిలు కావాలి."

"మొయ్యాలి తల్లీ. లోకమంతా దొంగలే. మన జాగ్రత్తలో మనముండాలి."

శుక్రవారం భోజనాల దగ్గర ఆయనే చెప్పాడు. ఫ్యాక్టరీలో గొలుసు పోయిందని గోలగోలగా ఉందట. స్టోరు చూసుకునే ముసలాయన్ని పనిలోంచి తీసేశారట.

భార్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, పాపం కదండీ!"

"పాపమేమిటి? సొమ్ము అప్పజెప్పినప్పుడు కళ్లు తెరుచుకుని కాపలా కాయాలా, వద్దా?" అని పెరుగు కలుపుకున్నాడు.

మర్నాడు ఉదయం సైరన్ మోగగానే ఆయన ఖాకీ టోపీ సర్దుకుని, ఫ్యాక్టరీ గేటుకు లాఠీ అడ్డం పెట్టి, షిఫ్టు దిగి ఇళ్లకు పోయేవాళ్ల టిఫిన్ బాక్సులు ఒక్కొక్కటే మూత తీయించి చూడసాగాడు.