మొదటి ఐదు నిమిషాలు

బంతి కిటికీలోంచి బయటికి పోయింది.

ఎవరైనా వెళ్లి తెండి అని కోమలి అనేలోపే అది తిరిగి లోపలికి వచ్చి పడింది.

ఎనిమిదో తరగతి గొల్లున నవ్వింది. కోమలికి మాత్రం నవ్వు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది.

ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు గోడవారగా వంగి నడుస్తూ గేటు దాటిపోయాడు.

ఆమె పలమనేరులోని ఆ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరి మూడు నెలలైంది. తొలి ఉద్యోగం. ఊరు కొత్త. అద్దెగదిలో ఒక్కతే ఉంటోంది.

ట్రైనింగులో నేర్పినట్టు, పాఠానికి ముందు ఐదు నిమిషాలు వార్మప్ ఆడిస్తుంది. బంతి ఎవరి చేతిలో పడితే వాళ్లు ఒక ఇంగ్లీషు మాట చెప్పాలి. తప్పయినా పర్వాలేదు.

పాఠంలో నోరు విప్పనివాళ్లు కూడా ఆటలో పలుకుతారు. జూన్‌లో కొత్తగా చేరిన జెస్సీ అయితే ఆ ఆటలో తప్ప ఇంకెప్పుడూ మాట్లాడదు. "రెయిన్" అనో, "మిల్క్" అనో ఒక్క మాట గట్టిగా చెప్పి కూర్చుంటుంది.

మర్నాడు ఆట మొదలుకాగానే కోమలి ఓరగా కిటికీ వైపు చూసింది.

కిటికీ అంచున తువ్వాలు కనబడింది.

పుస్తకాలు తీయమనగానే మాయమైంది.

ఆ మర్నాడూ అంతే. ఆట మొదలవగానే వస్తాడు, అయిపోగానే పోతాడు.

పాఠం కోసం వచ్చేవాడైతే పాఠం మొదలవగానే ఎందుకు పోతాడు? ఆటలో తాను బెంచీల మధ్య పరుగెత్తుతుంది, బంతికోసం ఎగురుతుంది. అది చూడటానికే వస్తున్నాడు. ఆ ఆలోచన వచ్చిన మర్నాడు కోమలి చున్నీకి రెండు పిన్నులు పెట్టుకుంది. నిలబడ్డచోటు నుంచి కదలకుండా ఆడించింది.

శుక్రవారం సాయంత్రం గదికి నడిచి వెళుతుంటే వెనక అడుగుల చప్పుడు.

"మేడం."

తిరిగి చూసింది. అదే తువ్వాలు. రెండు ఎర్రటి కళ్లు. ఏదో చెప్పబోయి ఆగాడు. ఒక అడుగు ముందుకేశాడు.

కోమలి అప్పుడే వచ్చి ఆగిన బస్సెక్కేసింది. బంగారుపాళెంలో దిగాక గానీ అది చిత్తూరు పోయే బస్సని తెలియలేదు.

సోమవారం వ్యాయామం సారు ఢిల్లీబాబుకు అంతా చెప్పింది.

"మీరు మామూలుగా ఆడిచ్చండి మేడం. నేను సూసుకుంటా" అన్నాడాయన.

ఆట మొదలైన రెండో నిమిషంలో గోడ చాటున అతన్ని పట్టుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఆడపిల్లోళ్లు ఉండే కాడ నీకేం పని?"

ఆ మనిషి రెండు చేతులూ జోడించాడు. "గెట్టిగా మాట్లాడొద్దు సార్. లోపల పిల్లోళ్లకి ఇనపడతాది."

"ఇనపడితే ఏమైతాది?"

ఆ మనిషి తువ్వాలు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"ఇంగోసారి ఈడ కనపడితే పోలీసులకి పట్టిస్తా."

"రాను సార్. ఆట మాత్రం ఆపొద్దని మేడంకి చెప్పండి."

ఢిల్లీబాబు వచ్చి ఆ మాట చెప్పాడు.

కోమలి కిటికీ మూయించింది. ఆట మానేసింది.

అతను మళ్లీ రాలేదు. అయినా గదికి నడిచేటప్పుడు పదిసార్లు వెనక్కి తిరిగి చూసుకునేది.

నెల తిరిగింది. హాజరు పిలిచినా జెస్సీ చెయ్యెత్తడమే తప్ప పలకడం లేదు. పరీక్షలో మాట్లాడినందుకు ఇచ్చే మార్కులు సున్నా వచ్చాయి. ఇంట్లోవాళ్లను తీసుకురమ్మంది కోమలి.

నాయనమ్మ తాయమ్మ వచ్చింది.

"వాళ్లమ్మ రాలేదా?"

"అమ్మ లేదు మేడం. మదనపల్లి రోడ్డులో స్కూటర్ పడి పోయి ఏడాదయింది. తోలింది నా కొడుకే. పాప గూడా బండి మీదే ఉండింది. ఆ పొద్దు మూసిన నోరు ఇంట్లో ఇంతవరకూ తెరవలేదు. వాళ్ల నాయనతోనూ లేదు, నాతోనూ లేదు."

కోమలి జెస్సీ కూర్చునే బెంచీ వైపు చూసింది. ఇది తనకెవరూ చెప్పలేదు.

"మరి వాళ్ల నాన్న ఎక్కడ?"

"మొన్న కువైట్ పోయినాడు మేడం. వీసా వచ్చి శానా దినాలైనా కదలకుండా ఉండినాడు. పోయిన నెల ఏమనిపించిందో, ఇంగ ఈడ ఉండి ఏం లాభంలేమ్మా అన్నాడు. ఇంగ రెండేండ్లకి గానీ రాడు. ఫోన్ చేస్తే పాప చెవి దగ్గర పెడతాను. వాడు ఆపక్క ఏడుస్తాడు. పాప ఈపక్క ఊరికే నిలబడతాది."

"వెళ్లే ముందు ఒక్కసారి బడికి వచ్చి ఉంటే బాగుండేదమ్మా" అంది కోమలి.



"రాకేం మేడం. తాను ఇనుకుంటా ఉండాడని తెలిస్తే పాప ఈడ గూడా నోరు మూసుకుంటాదని భయపడి, ముఖానికి తువ్వాల సుట్టుకోని, అది చెప్పే ఆ ఒక్క మాట కోసరం దినామూ మీ కిటికీ కింద నిలబడి పోతా ఉండినాడు."