తెలియని నంబరు

కూతురి అరికాల్లో నల్లమచ్చ చూసిన నాటి నుంచి తల్లికి ముద్ద దిగడం లేదు.

"నొప్పే లేదమ్మా," అంది కూతురు.

"నొప్పి లేకపోవడమే నా భయం. నోరులేని రోగం లోపల్లోపలే తినేస్తుంది."

చర్మం డాక్టరు ఉండేది దూరపు పట్నంలో. ఫోటో పంపితే అక్కడి పెద్దాసుపత్రి వాళ్లే ఫోన్లో చూసి చెబుతారని పక్కింటి పిన్ని చెప్పింది.

తల్లి ట్యూబ్‌లైటు కింద ఫోటో తీసింది.

"నా ముఖం కంటే పాదమే తెల్లగా ఉందే," కూతురు నవ్వింది. "ఫోన్లో ఆ అందం సెట్టింగు అలాగే ఉన్నట్టుంది."

"ఉండనీ. రేపు నలుగురి కళ్లలో పడినా పరువు దక్కుతుంది."

ఫోటో వెళ్లింది. 'అందింది. డాక్టరు చూసి మాట్లాడతారు' అని మెసేజి వచ్చింది.

మర్నాడు తెలియని నంబరు నుంచి ఫోను. మగ గొంతు.

"అమ్మా, పాప పాదం ఫోటో ఇంకొకటి కావాలి. కిటికీ పక్కన, పగటి వెలుగులో తీయండి. రంగులు మార్చే సెట్టింగులు వద్దు."

తల్లి అనుకున్నంతా అయింది. పిల్ల ఫోటో ఎవడి చేతిలోనో పడింది.

"ఆడపిల్ల కాళ్లతో నీకేం పనిరా? ఇంట్లో అక్కచెల్లెళ్లు లేరూ?"

"అమ్మా, ఒక్క నిమిషం, నేను..."

పెట్టేసింది. మళ్లీ మోగింది. మళ్లీ.

పిల్లకు చెబితే బెదురుతుందని, తనే తంటాలు పడి ఆ నంబరు బ్లాక్ చేసింది.

డాక్టరు ఫోను కోసం మాత్రం కళ్లు కాయలు కాసేలా చూసింది. "గొప్పవాళ్లు. మన గోడు వాళ్ల చెవికెక్కడ ఎక్కుతుంది," అని మెటికలు విరిచింది.

వానలు వెలిశాక మచ్చ చిట్లి నెత్తురు కారింది. పిల్లను పట్నం ఆసుపత్రికి మోసుకుపోయారు.

డాక్టరు పాదాన్ని చాలాసేపు చూశాడు.

"మొదట్లోనే వచ్చుంటే మచ్చ వరకు కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు పాదం దక్కుతుందని చెప్పలేనమ్మా."

"ఫోటో పంపాం బాబూ," తల్లి ఏడ్చింది. "మీలో ఒక్కరూ పలకలేదు. మనిషన్నవాడు ఒక్కడు ఫోను చేసుంటే నా బిడ్డకీ గతి పట్టేదా?"

ఆయన నర్సు వైపు తిరిగాడు.

"ఫోటో తీయండి సిస్టర్. కిటికీ పక్కన, పగటి వెలుగులో. రంగులు మార్చే సెట్టింగులు వద్దు."

తల్లి ఏడుపు ఆగిపోయింది. ఒక్క నిమిషం అడిగితే తను ఇవ్వని గొంతు అది.