జయరాముడికి పడని మందులు

జయరాముడు అబద్ధమాడడానికి తాడిమర్రి నుంచి హిందూపురం దాకా వచ్చాడు. ధర్మవరంలో బస్సు దిగి, ప్యాసింజరు రైలెక్కి, పెనుకొండ దాటేదాకా జ్వరంతో వణుకుతూనే కూర్చున్నాడు. దారిలో డాక్టర్లు లేక కాదు. ధర్మవరంలోనే కావలసినంతమంది ఉన్నారు. ఒక్కరి గడప కూడా తొక్కలేదు మహానుభావుడు.

అది 2005. హిందూపురంలో డాక్టర్ మాధవీలత తన క్లినిక్‌లో అప్పుడే కంప్యూటర్ పెట్టించింది. వచ్చిన ప్రతి మనిషి వివరాలూ అందులో ఎక్కాలి. ఎక్కితేనే లోపలికి. ఎక్కించే పని నర్సు పుష్పది.

"యాడి నుంచి వస్తాండావన్నా?"

"తాడిమర్రి."

"అబ్బో! అంత దూరమెందుకు? ధర్మవరంలో చూపించుకోకూడదా?"

"ఆడంతా తెలిసినోళ్లే పాపా."

"తెలిసినోళ్లుంటే మంచిదే కదా!"

జయరాముడు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. పుష్ప ఇంకో ప్రశ్న వేసింది.

"నీ ఒంటికి పడని మందులేమన్నా ఉండాయా?"

ఆహా! ఎలా చెప్పాలా అని దారంతా మథనపడి వస్తే, ఈ పిల్ల తలుపు తీసి మరీ రమ్మంటోంది.

"శానా ఉండాయి. రాసుకో. పెన్సిలిన్, యాంపిసిలిన్, జెంటామైసిన్, డైక్లోఫినాక్..."

పుష్ప వేళ్లు అందుకోలేకపోయాయి. "మెల్లగన్నా! పేర్లన్నీ భలే నోటికొచ్చే నీకు!"

"పడినోడికి తెలుస్తాది ఆ బాధ. మాత్రలైతే గుప్పెడిచ్చినా మింగుతా. సూది ఏసినారో, ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. కండ్లు తిరిగి పడిపోతా."

పచ్చి అబద్ధం. అతనికి పడని మందంటూ లేదు. తన ఒంట్లో సూది దిగుతుందంటే భయం, అంతే. పై ప్రాణాలు పైనే పోతాయి.

లోపల డాక్టరమ్మ కంప్యూటర్ తెర చూసింది. తెరమీద ఎర్రటి అక్షరాలు. తీసిన సిరంజి పక్కన పెట్టేసి మాత్రలు రాసిచ్చింది. జయరాముడు కంప్యూటర్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాడు. మనుషులను ఎంత బతిమాలుకున్నా నమ్మరు. దానికి ఒకసారి చెబితే చాలు, ఎప్పుడొచ్చినా తనే గుర్తుపెట్టుకుని అడ్డం పడుతుంది!

అప్పటి నుంచి దగ్గొచ్చినా, నడుము పట్టినా హిందూపురమే. రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి.

మూడో ఏడు కాల్లో తుమ్మముల్లు విరిగింది. దాన్నీ మాత్రలతోనే లాగించాడు. పాదం వాచింది. వాపు మోకాలు దాటింది. కుంటుకుంటూ, మూలుగుతూ వచ్చి పడ్డాడు.

డాక్టరమ్మ కాలు నొక్కి చూసి, తెర చూసి, తల పట్టుకుంది.

"జయరాముడుగారూ, మాత్రలతో తగ్గే దశ దాటిపోయింది. ఈ రోజే ఇంజక్షన్ పడాలి. మీకేమో ఒక్కటీ పడదాయె. వేస్తే ప్రాణం మీదికొస్తుంది, వెయ్యకపోతే కాలు దక్కదు. బెంగుళూరు పెద్దాసుపత్రికి రాసిస్తాను, ఇప్పుడే బయలుదేరండి."

కాలు దక్కదా! జయరాముడు వాచిన కాలు వంక చూసుకున్నాడు.

"ఆడ ఏం చేస్తారు మేడమ్?"

"వాళ్లూ సూదే వేస్తారు. కాకపోతే తియ్యరు. చేతికే ఉంచేసి రోజంతా మందు ఎక్కిస్తూనే ఉంటారు."

ఆ మాటతో మనిషి నీరుగారిపోయాడు.

"మేడమ్, తప్పయిపోయింది. నాకు అన్నీ పడతాయి. సూదంటే భయపడి అట్ల చెప్పినా. ఆ ఎర్రక్షరాలు తీసేయండి, మీకు పుణ్యముంటాది!"

డాక్టరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దాచుకుంది.

"నోటిమాట మీద తీసేస్తానా? అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెప్పేది అబద్ధమో! ముందు చేతికి కొంచెం మందు వేసి చూడాలి. దద్దురు లేవకపోతే అప్పుడు అసలు ఇంజక్షన్."

"టెస్టా? అవన్నీ ఎవరు చేస్తారు మేడమ్!"

"నేను చేస్తాను. పుష్పా, తీసుకెళ్లు."

పుష్ప అతన్ని గదిలోకి తీసుకెళ్లి పరదా లాగింది. బయట బెంచీ మీద, బీపీ చూపించుకోవడానికి వచ్చిన అవ్వ ఒకామె కొంగు కప్పుకుని కునికిపాట్లు పడుతోంది.

"సూది కొత్తదేనా పాపా? ఒకరికి ఏసింది ఇంకొకరికి ఏస్తారంట కొందరు."

"రామరామ! అట్ల ఎవరు చేస్తారన్నా?"

జయరాముడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

డాక్టరమ్మ వేసిన చేతి సూదికి పళ్లు బిగపట్టాడు. అరగంట చూశారు. దద్దురు లేదు, ఆయాసం లేదు. డాక్టరమ్మ మళ్లీ వచ్చి, "మీ కాలు దక్కింది పోండి," అని నవ్వింది. తెరమీద ఎర్రక్షరాల సంగతి తేల్చడానికి వెళ్లింది.

ఇక అసలుది. జయరాముడు బోర్లా పడుకుని రెండు చేతులతో మంచం పట్టుకున్నాడు.

"ఊరికే వణుకుతాండావన్నా. చీమ కుట్టినట్లుంటాది, అంతే."

"ఆ మాట మాత్రం చెప్పొద్దు పాపా! అంత అబద్ధం ఇంకోటి లేదు."

పుష్ప సూది దించింది.

"ఓయమ్మో! సచ్చిపోయినానే!" జయరాముడి కేకకు క్లినిక్ అదిరింది. బెంచీ మీద అవ్వ ఉలిక్కిపడి లేచింది. ఎక్కడో విన్న గొంతే! గబగబా వచ్చి పరదా పక్కకు లాగింది. ఆమె తాడిమర్రి దాసమ్మ, హిందూపురంలో కూతురింటికి వచ్చింది. బోర్లా పడుకుని ఏడుస్తున్న మనిషిని ఎగాదిగా చూసి, బుగ్గన వేలేసుకుంది.

"ఏమబ్బా జయరాముడూ, తలనొప్పని వచ్చినా ఇడవకుండా 'చీమ కుట్టినట్లుంటాది' అని మా ఊరందరికీ ఒకే సూదితో పొడిచే డాక్టరువి, ఇప్పుడు నిన్నేం కుట్టిందప్పా?"