కొమ్మ మీది నుంచి ఏడుపు

తుమ్మతోపులో పెద్దకాకి తెల్లారేసరికి కన్నుమూసింది. అంతకుముందే అవతలి తోపులో కొన్ని కాకులు ఇలాగే మెడలు వాల్చేసి నేల రాలాయి.

కాకుల్లో ఒకరు పోతే అందరూ వెళ్లి శవం చుట్టూ వాలి, గొంతు చించుకుని ఏడవాలి. రానివాళ్లతో ఇక మాటలుండవు.

అందరూ రెక్కలు విప్పుతుంటే బొంతకాకి అడ్డొచ్చింది. "ఆగండర్రా, ఇది అంటురోగం. అవతలి తోపులో శవం దగ్గర వాలినవాళ్లే ఆ తర్వాత పడిపోయారు. ఈ కొమ్మల మీది నుంచే ఏడుద్దాం."

"మనల్ని పెంచిన పెద్దాయన పోతే దూరంనుంచి చూడమంటావా? నీకసలు గుండె ఉందా?" అని అన్నీ దాని మీద విరుచుకుపడ్డాయి.

శవం పక్కన పెద్దకాకి భార్య ఒక్కతే ఉంది. రోగం పట్టినప్పటినుంచి ఆయన నోట్లో నీళ్లు పోసింది ఆమే. ఆ గోల విని తల పైకెత్తింది.

"రాకండి నాయనా. పోయేముందు ఆయన బెంగంతా మీరొచ్చి వాలతారనే."

కాకులన్నీ రెక్కలు ముడుచుకున్నాయి. కొమ్మల మీది నుంచే ఏడ్చాయి. తోపంతా మారుమోగింది.

ఏడుపు సద్దుమణిగాక ఆమె అంది: "ఇక్కడికి బాగానే వినబడింది. రేపు నాకూ అక్కణ్ణుంచే ఏడవండి."

అప్పటికే ఆమె మెడ ఒక పక్కకు వాలుతోంది.