మొలవని స్వీట్ పీ

మరుగుతున్న నీళ్లలో స్వీట్ పీ పూలతీగ గింజలు వేసి, ఆమె నూరు అంకెలు లెక్కపెట్టింది. తర్వాత వడకట్టి, గుడ్డ మీద ఆరబోసింది. ఆరాక చూస్తే పైకి ఏమీ తెలియదు. లోపల మాత్రం ప్రాణం ఉండదు.

ఈ పని చెయ్యడం ఇది ఐదోసారి. చేసిన ప్రతిసారీ చెంపలేసుకునేది. మళ్లీ చేసేది.

విత్తనాల కొట్టు బాబాయిది. పొట్లాలు కట్టే బల్ల ఆమెది. పక్క వీధిలో గడియారాలు బాగుచేసే అతను ఒక శనివారం వచ్చి, "మంచి వాసనొచ్చే తీగ పూలేమైనా ఉన్నాయాండీ?" అన్నాడు. స్వీట్ పీలోనే ఇరవై రెండు రకాలున్నాయంది ఆమె. పెద్ద పూలవాటికి సోకెక్కువ, వాసన తక్కువ. చిన్న పూల ఊదారంగుదైతే ఒక్క గుత్తి చాలు, గదంతా ఘుమఘుమలాడుతుంది. ఒక్కో రకం గురించీ అతను గుచ్చి గుచ్చి అడిగాడు. గంట ఎలా గడిచిందో ఆమెకు తెలియనే లేదు.

పదిహేను రోజులకు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "ఒక్కటీ మొలవలేదండీ."

అదే డబ్బాలోవి పట్టుకెళ్లిన వాళ్లందరికీ మొలిచాయి. ఇతనికెందుకు మొలవలేదో అంతుపట్టలేదు. ఇంకో రకం ఎంచడానికి ఇంకో గంట పట్టింది. అప్పుడే ఆమె బుర్రలో పురుగు తొలిచింది. మొలిస్తే ఈ మనిషి మళ్లీ ఎందుకొస్తాడు? ఇరవై రెండు రకాలు, పదిహేను రోజులకొకటి. ఇంచుమించు ఏడాదికి సరిపోతాయి.

"రేపు రండి, కట్టి ఉంచుతా" అంది.

ఆ రోజు నుంచి అతని గింజలు పొయ్యెక్కాయి. అతను వస్తూనే ఉన్నాడు. రాత్రంతా నానబెట్టమంటే నానబెట్టానన్నాడు. గింజ పెంకు మీద చిన్న గాటు పెట్టమంటే, కంటికి భూతద్దం తగిలించుకుని మరీ పెట్టానన్నాడు. ఎలుకలకు అందకుండా ఉంచమంటే బీరువా ఎక్కించానన్నాడు.

"అన్ని గింజల్ని మింగేసింది నేలా, భూతమా?" అని బాబాయి నోరు నొక్కుకున్నాడు.

ఆరో పొట్లం కబురు చెప్పడానికి వచ్చినప్పుడు అతను రకాల మాటెత్తలేదు. తలొంచుకుని, "నా చెయ్యే మంచిది కాదేమోనండీ. ఇంకొక్కసారి చూసి మానేస్తాను" అన్నాడు.

ఆమె చేసిన పాపమంతా పాపం అతను నెత్తినేసుకుంటున్నాడు. లోపలికెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చి, "రేపు రండి" అంది.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. ఊదారంగు రకంలో మేలైన గింజలు ఏరింది. ఒక కాగితం తీసి రాసింది. "మీ చెయ్యి బంగారం. ఇన్నాళ్లూ నేనిచ్చినవి ఉడికించిన గింజలు. మొలిస్తే మీరు ఇటు రారని భయం. ఇవి మాత్రం మొలుస్తాయి. తిట్టాలనిపిస్తే వచ్చి తిట్టండి."

ఆ కాగితంలోనే గింజల్ని చుట్టి, పొట్లంలో పెట్టి జిగురు అంటించింది. ఉత్తరం విప్పకుండా ఒక్క గింజ కూడా చేతికి రాదు.

మర్నాడు అతను ఆ పొట్లాన్ని జేబులో వేసుకుని వెళ్లాడు.

ఆ పదిహేను రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. తిడతాడా? బాబాయితో చెబుతాడా? అసలు రాకుండానే ఉండిపోతాడా? మొదటి రెంటికీ ఎలాగో మనసు గట్టి చేసుకుంది. మూడోదానికి మాత్రం చేసుకోలేకపోయింది.

శనివారం అతను వచ్చాడు. మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"మొలిచాయా?" అంది.

"రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజకీ నా చేత్తో గాటు పెట్టి మరీ విత్తానండీ" అన్నాడతను ఉత్తరం ఊసే ఎత్తకుండా, ఎప్పటిలాగే మొహం వేలాడేసుకుని, "ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు, ఇంకో రకం ఏదైనా చూపిస్తారా?"