కావలి గొంతు

"ఒక్క తీరు మోగితే పందులు పసిగడ్తయి చెల్లె," అన్నాడు సుదర్శన్, స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే. "రెండ్రోజులు భయపడ్తయి. మూడో రోజు ఆ పెట్టె కిందనే పండుకుంటయి."

"గదే నా భయమన్నా," అంది కట్టమ్మ.

కొత్తవాడ సందు మొగదల సుదర్శన్‌ది రిపేరు షాపు. ఒకప్పుడు టేప్ రికార్డర్లు, ఇప్పుడు ఎక్కించిన చప్పుళ్లు వినిపించే అగ్గిపెట్టెంత లినక్స్ పెట్టెలు. గుళ్లకు సుప్రభాతం, చేన్లకు కుక్క అరుపులు. ఏది అడిగితే అది ఎక్కించి ఇస్తాడు. ఎందుకని అడగడం మానేసి చాన్నాళ్లయింది.

ఆమె ఫోన్లోంచి తీసిచ్చినవి మూడే ముక్కలు. ఒక దగ్గు. గొంతు సవరించుకున్న చప్పుడు. "ఎవడ్రా అక్కడ?" అని ఒక మగ గొంతు.

"మీ ఆయనేనా? ఇంకో నాలుగు కేకలు పెట్టించి పట్టుకరారాదు?"

"ఉన్నయి గవ్వే."

మొగుడూ పెళ్లాలకు మాటల్లేవేమో అనుకున్నాడు. ఎవలింట్ల మాటలున్నయి గనుక.

సాఫ్ట్‌వేర్ మూడు ముక్కలూ వరసగా వినిపించి ఆగిపోతోంది. రిపీట్ పెట్టాడు. షఫుల్ పెట్టాడు. నడుమ నడుమ చప్పుడు లేని ఫైళ్లు ఇరికించాడు. ఇప్పుడు ఏది ఎప్పుడు మోగుతుందో అతనికే తెలీదు.

"కరెంటు పోయొస్తె?" అంది.

దానంతట అదే మొదలయ్యేట్టు చేశాడు. "పందులెన్ని?"

"రెండు. ఒగటి ముందుగాల వచ్చి చూసిపోతది."

"పెద్ద స్పీకర్ తగిలించనా? చేనంత వినపడ్తది."

"వద్దన్నా. దగ్గరికొచ్చినంక వినపడితె సాలు. ఇయ్యాల్నే కావాలె. నిన్న దడి కదిలిచ్చినయి. లోపటికొస్తె ఇగ మిగిలేదేం లేదు."

పెట్టెను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

కంప్యూటర్లో షఫుల్ ఇంకా నడుస్తూనే ఉంది. రిపేరుకిచ్చిన ఫోన్ కోసం వచ్చిన రాయమల్లు గడప మీదే ఆగిపోయాడు. అతను జంపఖానాలు నేస్తాడు, కట్టమ్మ వాళ్ల వాడకట్టే.

"ఇది మా సారయ్య గొంతు గదా అన్నా. పోయి ఆర్నెల్లాయె. నీ కాడికెట్లొచ్చింది?"

సుదర్శన్ ఇప్పుడు తల ఎత్తాడు. కట్టమ్మ మెడలో పుస్తెలు ఉన్నాయో లేవో చూడాలన్న సోయి కూడా లేకపోయింది తనకు.

"ఆయన పెండ్లామే తెచ్చింది," అన్నాడు. "చేను కాడ పందులకట."

"చేనా?" అన్నాడు రాయమల్లు.

కంప్యూటర్లో సారయ్య మళ్లీ దగ్గాడు.

"ఆమెకు చేనెక్కడిదన్నా? ఉన్నది ఒక్క కిరాయి రూమే. అండ్ల ఒక్కతే ఉంటది."