పసిదాని మూతి మీద నీలం

విషాన్ని కంఠాన నిలిపి లోకాలకు ఊపిరి మిగిల్చిన నీలకంఠునికి ముందుగా నమస్కారం. పసివారి ప్రాణాలను ఆ స్వామి కనిపెట్టుకొని ఉండుగాక.

"ఏమండీ! ఇటు రండి! పాప మూతి నీలం తిరుగుతోంది!"

నూలుకు నీలిరంగు వేసే అద్దకపువాడు తడి నూలును తొట్టి అంచున వదిలి గదిలోకి పరుగెత్తాడు. భార్య ఒడిలో పసిబిడ్డ. పెదవుల చుట్టూ లేతగా ఉన్న నీలం వాళ్ళు చూస్తుండగానే ముదిరింది.

"పొలమారిందా?"

"లేదండీ. ఇందాక కాసిని పాలు కక్కింది, అంతే. మీరే కదా మూతి తుడిచి నాకిచ్చారు!"

"మాటలకిదా వేళ? ఇలా తే!" అని అతని అత్తగారు బిడ్డను లాక్కొని, ముద్దులు కురిపిస్తూ, చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలో పడింది.

"అత్తయ్యా, నేనెత్తుకుంటాను!"

"నీ చేతులు తడి. నడు నాయనా, నడు!"

వైద్యశాల మేడమీద. అత్తగారే అందరికన్నా ముందు మెట్లెక్కింది. డాక్టరమ్మ బిడ్డను బల్లపై పడుకోబెట్టి, రొమ్ము కదలికను పరికించి, నోరు తెరిచి చూసింది. తర్వాత దూది తడిపి పెదవులు తుడిచింది. దూది నీలమయింది.

"ఇది జబ్బు కాదయ్యా, రంగు. నాలుక చూడు, ఎంత ఎర్రగా ఉందో. ఊపిరీ బాగానే ఆడుతోంది. దేనితో తుడిచావు మూతి?"

"చేతులు తుడుచుకునే ఈ నడుము తువ్వాలుతోనండీ. అప్పుడది ఆకుపచ్చగానే..." అంటూ అతడు నాలుక కరచుకున్నాడు.

నీలితొట్టిలోంచి పైకి తీసిన నూలు ముందు ఆకుపచ్చగానే ఉంటుంది. గాలి సోకిన కొద్దీ నీలమవుతుంది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆ వింతను నూలు మీద చూస్తున్నవాడు, కన్నబిడ్డ మూతి మీద చూసి పోల్చుకోలేకపోయాడు.

డాక్టరమ్మ బిడ్డ మూతిని మంచినీళ్ళతో కడిగింది. "తొట్టిలోవి సున్నపు నీళ్ళు. లేత చర్మానికి మంట. ఆ తువ్వాలు మళ్ళీ దీని దరికి రానీయకు. అయినా పరుగెత్తుకొచ్చి మంచిపని చేశారు. పెదవులు నీలమైతే ఇంట్లో కూర్చుని తర్కించకూడదు."

గోడవారన కూలబడిన అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది. "కన్నకూతురికే అద్దకం వేశావా అల్లుడూ! ఇంకా నయం, అంచులు కూడా దిద్దలేదు!"

"నవ్వకమ్మా! నా ప్రాణం పోయి వచ్చింది" అంది కూతురు, తానూ నవ్వేస్తూ.

నవ్వబోయిన డాక్టరమ్మ ఆగిపోయింది. "పెద్దమ్మా, మీరూ తొట్టి దగ్గర పని చేస్తారా?"

"నేనా? ఆ కంపే నాకు పడదు తల్లీ. ఏం?"

"మీ పెదవులూ నీలంగా ఉన్నాయి."

"ఓసి పిచ్చితల్లీ! దారి పొడుగునా దాన్ని ముద్దాడుతూ వచ్చానుగా, అంటుకొని ఉంటుంది!"

డాక్టరమ్మ మరో దూది తడిపి ఆమె పెదవులను గట్టిగా తుడిచింది.

దూది తెల్లగానే ఉంది.

ఈ కథ విన్నవారి ఇళ్ళలో పసివారికీ పెద్దవారికీ ఊపిరి నిండుగా సాగుగాక!